రెండు నిమిషాల మాస్టారు

మా అన్నయ్యని "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే జవాబు వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. ఈ మాట నాది కాదు, మా వదినది. పెళ్లయిన దగ్గర్నుంచీ రోజుకి రెండుపూటలా అనేది. ఆవిడ అడిగేది. అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, గోడకేసి చూసి, ఇంకో ముద్ద పెట్టుకుని, అప్పుడు, "కొంచెం తగ్గిందేమో. నీకేమనిపించింది?" అనేవాడు. "సాక్ష్యం చెప్పమన్నానా ఏంటి, ఉప్పు చూడమన్నాను గానీ!" అని వదిన ఉప్పు డబ్బా ఠపీమని ముందు పెట్టేది. ముగ్గురం నవ్వుకునేవాళ్లం. అప్పట్లో మా ఇంట్లో నవ్వుకోవడానికి అంతకన్నా పెద్ద కారణాలు అక్కర్లేదు.

నాకు పెళ్లి కాలేదు. అన్నయ్యా వదినలతోనే ఉండేదాన్ని. ముందు గదిలో వదిన కుట్టుమిషను, మధ్య గదిలో అన్నయ్య పుస్తకాలు, వెనక గదిలో నేను. యూనివర్సిటీలో నా ఉద్యోగం రికార్డింగు గదిలో. ఉపన్యాసాలూ, సభలూ రికార్డు చేసి, దగ్గులూ, నసుగుళ్లూ, కుర్చీల చప్పుళ్లూ తీసేసి శుభ్రం చేసి ఇవ్వడం నా పని. పధ్నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఎంతటి నత్తివాడి ఉపన్యాసమైనా నా చేతిలో పడితే గలగలా పారేదని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. దాచుకోవడం ఎందుకు?

అన్నయ్య అదే యూనివర్సిటీలో వేసవి క్లాసులు చెప్పేవాడు. ఏటా మూడు విడతలు, విడతకి పదిరోజులు. తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, మనసు గురించిన శాస్త్రం, మూడూ కలిపి చెప్పాలి. పరీక్ష ఉండదు, ఎవరైనా రావచ్చు. పన్నెండేళ్లుగా చెబుతున్నాడు, పన్నెండేళ్లుగా తాత్కాలికమే. తాత్కాలికం అనే మాటకి అర్థం తెలియాలంటే మా అన్నయ్యని చూడాలి. మిగతా ఏడాదంతా ఆ కాలేజీలో రెండు క్లాసులు, ఈ కాలేజీలో మూడు క్లాసులు అంటూ బస్సుల్లో తిరిగేవాడు.

ఆ ఏడు మాత్రం డిపార్టుమెంటులో ఒక పర్మనెంటు పోస్టు వచ్చింది. తర్వాతి ఏడాదికి అన్నయ్యకి వయసు దాటిపోతుంది. అంటే ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి. వేసవి క్లాసుల మీద విద్యార్థులు రాసే అభిప్రాయాల కాగితాలూ, క్లాసుల రికార్డులూ ఫైల్లో పెట్టి కమిటీకి పంపుతారని చెప్పారు.

చెప్పినాయన డిపార్టుమెంటు పెద్ద. ఆయన్ని అందరూ వెనకాల "చూద్దాం సార్" అనేవాళ్లు. ఫ్యాను తిరగట్లేదన్నా చూద్దాం, జీతం రాలేదన్నా చూద్దాం, మా నాన్న పోయాడు సెలవు కావాలన్నా చూద్దాం. మంచి మనిషే. ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. అలాంటి మంచివాళ్ల చేతుల్లోనే మనం ఎక్కువగా నాశనమవుతామని నాకప్పటికి తెలియదు.

మొదటి విడతకి ఇరవై ఆరుమంది వచ్చారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ఒక రిటైరైన పోస్టుమాస్టరు. ఇంకొకావిడ నర్సు, యాభై దాటి ఉంటాయి, ఆసుపత్రిలో డ్యూటీ దిగి తెల్లబూట్లతోనే వచ్చి రెండో వరసలో కూర్చునేది. నేను చివర్లో నా యంత్రం ముందు చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చునేదాన్ని. అన్నయ్య చొక్కాకి చిన్న మైకు తగిలించాను. పిల్లలకి మైకులు లేవు.

అన్నయ్య క్లాసుకి ఒక పద్ధతి ఉంది. ఒక ప్రశ్న వేస్తాడు. చేతిగడియారం విప్పి బల్లమీద పెడతాడు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, తనతో సహా. రెండు నిమిషాలంటే మీకు తక్కువనిపిస్తుంది. నలుగురిలో నోరు మూసుకుని కూర్చుని చూడండి, తెలుస్తుంది. మొదటి అర నిమిషం పిల్లలు నవ్వుతారు. తర్వాత కిటికీలోంచి చూస్తారు. ఆ తర్వాతే ఎక్కడో ఒక మొహం మారుతుంది. "రెండు నిమిషాల మాస్టారు" అని పేరు పెట్టారు. స్టాఫ్ రూములో కూడా అలాగే అని నవ్వేవాళ్లు. "మీ అన్నయ్య ఏంటమ్మా, పాఠం మర్చిపోయి గడియారం చూసుకుంటాడటగా?" అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడోరోజు అన్నయ్య అడిగాడు. "మీ పక్కన కూర్చున్న మనిషికి నొప్పిగా ఉందని మీకెలా తెలుసు?"

గడియారం విప్పి బల్లమీద పెట్టాడు. ఫ్యాను కిర్రుమంటోంది. పోస్టుమాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఎవరో బెంచీ కింద కాళ్లు జరిపారు. నా చెవుల్లో ఇవన్నీ దండోరా వేసినట్టు వినిపిస్తాయి కదా, ప్రాణం విసిగిపోయింది.

రెండు నిమిషాలయ్యాక ఒక కుర్రాడు, "మొహం చూస్తే తెలిసిపోద్ది సార్," అన్నాడు.

"ఇంకా?"

"అడిగితే చెప్తారు కదండీ," అంది ఒకమ్మాయి.

"చెప్పింది అబద్ధమైతే?"

అందరూ నవ్వారు. అప్పుడు ఆ నర్సు లేచింది. "నాకు తెలీదండీ," అంది. "ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఒక్కరి నొప్పి కూడా నాకు తెలీదు. తెలిసినట్టు నడుచుకుంటానంతే. లేకపోతే ఆ వార్డులోకి అడుగు పెట్టలేను."

అన్నయ్య చాలాసేపు ఆవిడకేసే చూశాడు. "ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న అడుగుతున్నానమ్మా, ఈ జవాబు ఇవాళే విన్నాను," అన్నాడు. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి ఆవిడ మాటనే మిగతావాళ్లకి అర్థమయ్యేలా వివరించాడు. "తెలుసు అని కాదు. తెలిసినట్టు నడుచుకుంటాం. అలా నడుచుకోకపోతే బతకలేం..." అంటూ గంట కొట్టేదాకా చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తింటూ వదినకి ఆ నర్సు మాట రెండుసార్లు చెప్పాడు. అంత సంతోషంగా తనని నేనెప్పుడూ చూడలేదు.

మొదటి విడత అయిపోయింది. పదిరోజుల రికార్డు నా ముందుంది. కమిటీ వాళ్లు దీన్ని వింటారు. అందులో మా అన్నయ్య తడబడే మనిషిలా, పాఠం మర్చిపోయిన మనిషిలా వినిపించకూడదు. ఇదొక్కటే నా పట్టుదల. నాకు తెలిసిన విద్య ఒక్కటే, కోయడం. కోశాను.

రెండు నిమిషాలు వచ్చిన ప్రతిచోటా తీసేశాను. పదిరోజుల్లో యాభై పైచిలుకు ఉన్నాయి. మైకు లేని గొంతులు దూరంగా, నూతిలోంచి వచ్చినట్టుంటాయి. వాటిని ఉంచకూడదని మా పనిలో నియమం. అవీ తీసేశాను. ప్రశ్న చివరి మాటనీ, బోర్డు దగ్గర చెప్పిన మొదటి మాటనీ పక్కపక్కన పెట్టి అతికాను. అతుకు ఎక్కడుందో కనిపెట్టినవాడికి నా ఉద్యోగం రాసిచ్చేస్తాను, అంత శుభ్రంగా వచ్చింది. వింటుంటే నాకే గర్వం ఆగలేదు. ప్రశ్న ఇలా వేస్తాడు, జవాబు అలా చెప్పేస్తాడు. మేధావంటే అలా ఉండాలి!

ఒక మధ్యాహ్నం వదిన మిషను దగ్గర కూర్చుని ఉంటే ఆ గొప్ప కూడా చెప్పుకున్నాను. ఆవిడ ఎవరిదో చొక్కా కత్తిరిస్తోంది.

"మొత్తం తీసేశావా అమ్మాయ్?"

"చిన్న పిసరు కూడా వదల్లేదు వదినా."

ఆవిడ కత్తెర ఆపింది. "మేం ఎంత కొలతకి కోసినా లోపల రెండు వేళ్ల బట్ట వదుల్తాం. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోడానికి ఉండాలిగా. అంచుకంటా కోసేస్తే కుట్టు నిలవదు."

"అది బట్ట వదినా, ఇది మాట."

"ఏమో, నాకేం తెల్సు. మీ అన్నయ్యకి వినిపించావా?"

"కమిటీ మెచ్చుకున్నాక వినిపిస్తాను. ఇప్పుడు వినిపిస్తే ఇది ఉంచు, అది ఉంచు అని ప్రాణం తీస్తాడు."

అదే వారం డిపార్టుమెంటు వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. రికార్డు వాడుకోవడానికి మాస్టారి సంతకం కావాలట. హాజరు పట్టీతో పాటు అన్నయ్య ముందు పెట్టాను. "ఏంటే ఇది?" అన్నాడు. "రికార్డు కాగితం," అన్నాను. "నువ్వు తెచ్చినదాన్ని కూడా చదవాలా?" అని సంతకం చేశాడు. ఉప్పు గురించి అంతసేపు ఆలోచించే మనిషి దానికి మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. నేను తెచ్చాను కాబట్టి. నేను కూడా చదవలేదు. చదివి ఉంటే "క్లాసులకు బదులుగా" అన్న మాట కనిపించేది.

రెండో విడత మొదలైన నాలుగో రోజుకి అన్నయ్య గొంతు పోయింది. మాట్లాడితే ఈల వచ్చినట్టు వస్తోంది. మూడురోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. క్లాసులు ఆగిపోతే కాగితాల్లో ఏం రాస్తారో, ఫైలు ఏమవుతుందో అని ఇంట్లో అందరికీ గుబులే. అన్నయ్య పలక మీద "వాయిదా అడుగు" అని రాసి చూపించాడు.

చూద్దాం సార్ దగ్గరికి వెళ్లాను. వాయిదా అడగలేదు. అడిగితే చూద్దాం అంటాడు, తెలిసిందే. అందుకని నా తెలివి చూపించాను. "సార్, మొదటి విడత రికార్డు శుభ్రం చేసి ఉంచాను. ఆ మూడురోజుల పాఠాలూ వేసేద్దాం. క్లాసు పోదు, పిల్లలకి నష్టం రాదు," అన్నాను. ఎవరూ అడగలేదు నన్ను. నా నోటితో నేనే అన్నాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కాకపోతే తల నాది కాదు.

మూడురోజులూ వేశాను. పిల్లలు చకచకా రాసుకున్నారు. మూడోరోజు చూద్దాం సార్ వచ్చి వెనక నిలబడి అరగంట విన్నాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"బాగుంది," అన్నాడు.

ఉద్యోగంలో చేరాక ఆయన నోట ఇంకో మాట వినడం నాకదే మొదలు. సంతోషంతో ఇంటికి ఎలా వెళ్లానో తెలియదు. "అన్నయ్యా, నీ పోస్టు ఖాయం!" అన్నాను గుమ్మంలోంచే. అన్నయ్య నవ్వి పలక తీశాడు. ఏం రాయాలో తోచలేదనుకుంటా, మళ్లీ పక్కన పెట్టేశాడు.

గొంతు కుదుటపడ్డాక వెళ్లి మిగిలిన రోజులు తనే చెప్పాడు. అభిప్రాయాల కాగితాలు వచ్చాయి. ఒకటి నాకు కంఠతా వచ్చు. "రికార్డు వేసిన మూడురోజులూ చాలా స్పష్టంగా ఉంది. మాస్టారు స్వయంగా చెప్పిన రోజుల్లో సమయం వృథా అయింది." రాసినవాళ్ల తప్పేముంది? ఉన్నమాటే రాశారు.

మూడో విడతకి వారం ఉందనగా అన్నయ్యని ఆఫీసుకి పిలిచారు. కాగితాలు మోసుకుని వెనకాలే నేనూ వెళ్లాను. చూద్దాం సార్ కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"మాస్టారూ, ఈ విడతకి మీరు శ్రమ పడక్కర్లేదండీ. రికార్డు ఉంది. ఇకమీదట అన్ని వేసవులకీ అదే వాడదామని నిర్ణయం."

అన్నయ్య ఊరుకున్నాడు. తన పద్ధతిలో ఊరుకున్నాడు. చూద్దాం సార్‌కి ఆ మౌనం ఇబ్బందయింది.

"అబ్బే, మిమ్మల్ని వద్దనుకున్నట్టు కాదండీ. గొంతు మీదే, మాట మీదే. మీరు లేనట్టు ఎలా అవుతుంది చెప్పండి?"

"పోస్టు?" అని నేనే అడిగాను.

"పోస్టెందుకమ్మా ఇంక? అవసరం లేదని పైకి రాసేశాం." సొరుగులోంచి సంతకం చేసిన కాగితం తీసి అన్నయ్య ముందు పెట్టాడు. "అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మీ చెల్లెలుగారు ఎంత బాగా చేశారో విన్నారా?" అంటూ ఒక ముక్క వినిపించాడు.

పక్క మనిషి నొప్పి గురించిన ప్రశ్న. దాని తోక పట్టుకునే జవాబు. అన్నయ్య తల వంచుకుని విన్నాడు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అన్నాడు. "నన్ను అన్నీ తెలిసినవాణ్ణి చేశావే."

"నీ మంచికే అన్నయ్యా. కమిటీ..."

"ఆ నర్సమ్మ మాట నా నోట్లో పెట్టావు. ముప్ఫై ఏళ్లు పట్టింది ఆవిడకి ఆ మాట అనడానికి. నేను దొంగనయ్యాను."

"నాకేం తెలుసు ఇలా అవుతుందని!" అని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. మిషను దగ్గర్నుంచి వదిన లేచి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. విషయం విని, గోడకి తగిలించిన అన్నయ్య క్లాసు చొక్కా తీసి మడతపెట్టి బీరువాలో పెట్టేసింది.

మర్నాడు చూద్దాం సార్ దగ్గరికి వెళ్లి, కోసిన ముక్కలన్నీ నా దగ్గర ఉన్నాయి, మళ్లీ అతికేస్తాను, పాత రికార్డు వేయండి అని బతిమాలాను. "చూద్దాం," అన్నాడు.

మూడో విడత మొదలైంది. అదే హాలు. బల్ల దగ్గర ఎవరూ లేరు, రెండు స్పీకర్లున్నాయి. నేను చివర్లో నా యంత్రం ముందు. మూడోరోజు వేరే యూనివర్సిటీ వాళ్లు ఇద్దరు ఈ ఏర్పాటు చూడటానికి వచ్చారు. చూద్దాం సార్ వాళ్లని తెచ్చి సరిగ్గా నా పక్కన నిలబెట్టాడు. "ఈ అమ్మాయే చేసింది," అన్నాడు. వాళ్లు నాకు నమస్కారం పెట్టారు.

క్లాసు మొదలవబోతుంటే అన్నయ్య లోపలికి వచ్చాడు. ఎవరైనా రావచ్చు కదా. ఇంట్లో వేసుకునే చొక్కాతో వచ్చి చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చున్నాడు. కొత్త పిల్లలు, ఎవరికీ తను తెలియదు.

"మీ పక్కన కూర్చున్న మనిషికి నొప్పిగా ఉందని మీకెలా తెలుసు?" అన్నాయి స్పీకర్లు.

అన్నయ్య చేతిగడియారం విప్పి బెంచీ మీద పెట్టాడు.

"తెలుసు అని కాదు. తెలిసినట్టు నడుచుకుంటాం..." పిల్లలందరూ వంగి రాసుకుంటున్నారు.

అన్నయ్య చెయ్యెత్తాడు. క్లాసులో ఏదో అడగాలనుకున్న పిల్లవాడిలా నిటారుగా ఎత్తాడు. నాకేసి చూడలేదు, ఖాళీ బల్లకేసి చూస్తున్నాడు. స్పీకర్లలో తన గొంతు ఎక్కడా తడుముకోకుండా సాగిపోతోంది. రికార్డు ఆపే మీట నా చూపుడువేలి కింద ఉంది. నొక్కక్కర్లేదు, వేలి బరువు వదిలితే చాలు. పక్కన చూద్దాం సార్ ఉన్నాడు, వచ్చినవాళ్లున్నారు, నా పధ్నాలుగేళ్ల పేరుంది. ఇంట్లో ఇక నెలజీతం వచ్చేది నాకొక్కదానికే అని కూడా ఆ క్షణంలో అనుకున్నాను. ఇది తర్వాత అల్లుకున్న సాకు కాదు, నిజంగానే అప్పుడే అనుకున్నాను. అలాంటి ఆలోచనలు అలాంటప్పుడు ఎంత చురుగ్గా వస్తాయో!

మీట నొక్కలేదు.

రెండు నిమిషాలయ్యాక అన్నయ్య చెయ్యి దించాడు. గడియారం పెట్టుకుని, బెంచీ చప్పుడు కాకుండా లేచి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లలో ఒకాయన, "ఎవరాయన?" అని అడిగాడు. "ఎవరో పాపం, బయటివాళ్లు కూడా వస్తుంటారు," అన్నాడు చూద్దాం సార్. నేను అక్కడే ఉన్నాను. మా అన్నయ్య అని అనలేదు.

కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్లని చూసి లోకం నవ్వుతుంది. నేను అన్నయ్య కూర్చున్న కొమ్మ నరికాను, అదీ పొట్టు రాలకుండా. వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. నాకు ప్రమోషను వచ్చింది.

అన్నయ్య తర్వాత ఎక్కడా పాఠం చెప్పలేదు. కాలేజీల్లో ఉన్న క్లాసులు కూడా వదిలేసి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాడు. నాతో మాట్లాడటం మానేశాడనుకునేరు, అదేం లేదు. చక్కగా మాట్లాడతాడు. అదే ఇంట్లో ఉంటున్నాం ఇప్పటికీ.

వేసవి అయిపోయి వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. వదిన వడ్డించి, అలవాటుకొద్దీ అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాడు అన్నయ్య.

ఆవిడ ప్రశ్న ఇంకా పూర్తిగా అవనే లేదు. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ రోజు వదిన కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది, ఒక్క రవ్వ కూడా లేదు. వదిన కూడా ముద్ద పెట్టుకుని నాకేసి చూసింది. ఉప్పు డబ్బా గట్టు మీద చేతికందేంత దూరంలోనే ఉంది. ఇద్దరం లేవలేదు. అన్నయ్య తల వంచుకుని కంచంలోదంతా తినేశాడు.